ట్రీట్‌మెంట్ అయిపోయింది, ఇబ్బందులు మొదలయ్యాయి: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తర్వాత మీరెలా నెట్టుకొస్తున్నారు?

తొలకరి:
అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, 2బి స్టేజి (పక్క కణజాలానికి పాకింది). ఆపరేషన్ చేయలేదు. ఐదు వారాలకు పైగా బయటి నుంచి రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి సిస్ప్లాటిన్ కీమో, చివర్లో బ్రాకీథెరపీ, అంటే లోపల పెట్టి ఇచ్చే రేడియేషన్. మూడు నెలల తర్వాత తీసిన స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఇంట్లోవాళ్లంతా ఊపిరి పీల్చుకున్నారు. నాకూ అంతకంటే కావాల్సింది లేదు.

కానీ ఇప్పుడు నా పరిస్థితి ఇది. తిన్న అరగంటకే బాత్రూమ్‌కి పరుగు. ఒక్కోసారి చేరేలోపే అయిపోతోంది. బయటికి వెళ్లాలంటే ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోవాలి. రాత్రిళ్లు ఒళ్లంతా మంటలు, చెమటలు, నిద్ర లేదు. నెలసరి పూర్తిగా ఆగిపోయింది. యోని దగ్గర పొడిబారి మంటగా ఉంటోంది. నా భర్త దగ్గరికి వస్తేనే భయమేస్తోంది. చెకప్‌కి వెళ్తే ఐదు నిమిషాల్లో "స్కాన్ బాగుంది, మళ్లీ మూడు నెలలకు రండి" అంటున్నారు. బయట అంతమంది కూర్చుని ఉంటే ఇవన్నీ చెప్పడానికి నోరు రావడం లేదు. "గండం గడిచింది కదా, ఇంకా ఏంటి నీకు" అని ఇంట్లో అంటున్నారు. ఇవి వాటంతటవే తగ్గుతాయా? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

మెట్టదారి:
తొలకరీ, మీరు రాసినవాటిలో ఒక్కటి కూడా మీ ఒక్కరికే వచ్చింది కాదు. నాది మీ ట్రీట్‌మెంటే. అయి చాలా ఏళ్లయింది. మొదట్లో నేనూ ఇవే అనుభవించాను.

ముందు ఒక విషయం అర్థం చేసుకుంటే మనసు కొంచెం కుదుటపడుతుంది. గర్భాశయానికి ముందు మూత్రాశయం, వెనక మలాశయం, పైన పేగుల చుట్టలు, పక్కన అండాశయాలు ఉంటాయి. రేడియేషన్ ఎంత గురిపెట్టి ఇచ్చినా వీటన్నిటికీ కొంత తగులుతుంది. ట్రీట్‌మెంట్ జరుగుతున్నప్పుడు, ఆ తర్వాత మూడు నెలల లోపు వచ్చేవి చాలావరకు పైపొర పుండు పడటం వల్ల వచ్చేవి. అవి మానతాయి. మూడు నెలలు దాటాక కూడా ఉండేవి, కొన్నిసార్లు ఏళ్ల తర్వాత మొదలయ్యేవి వేరు. లోపలి కణజాలం గట్టిపడటం, సన్నటి రక్తనాళాలు పాడవడం వల్ల వస్తాయి. వీటిని "అదే తగ్గుతుందిలే" అని వదిలేయకూడదు. దాదాపు ప్రతిదానికీ పరీక్ష ఉంది, మందో మార్గమో ఉంది.

చెకప్‌లో నోరు రావడం లేదన్నారు కదా, కాగితం మీద రాసి డాక్టర్ చేతికివ్వండి. "విరేచనాలు అవుతున్నాయి" అని చెబితే ఒక మాత్ర రాసి పంపేస్తారు. అదే "రోజుకు ఏడెనిమిది సార్లు, రాత్రి నిద్రలోంచి లేవాల్సి వస్తోంది, వారంలో రెండుసార్లు బట్టల్లో అయిపోతోంది" అని రాస్తే అది పట్టించుకోవాల్సిన లక్షణం అవుతుంది. ఎన్నిసార్లు, ఎప్పుడు, దానివల్ల ఏ పని చేయలేకపోతున్నారు, ఈ మూడూ ఉండాలి. ముందు మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టేది పైన రాయండి.

గోరింట:
నాదీ అదే మాట. స్కాన్ బాగుంటే మనం బాగున్నట్టు కాదు. స్కాన్‌లో మన నిద్ర కనపడదు, మన పేగు కనపడదు.

వార్డు సిస్టర్:
రేడియేషన్ విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడ ఎవరికీ వైద్యం చేయను, మీ డాక్టర్‌ని ఏం అడగాలో మాత్రం చెబుతాను.

తొలకరి గారూ, పేగు విషయం ముందుగా. పొత్తికడుపుకు రేడియేషన్ తర్వాత విరేచనాలు ఆగకపోతే దానికి కారణం ఒక్కటే ఉండదు, నాలుగైదు ఉండొచ్చు. ఒకటి, పైత్యరస ఆమ్లాలను చిన్నపేగు చివరి భాగం తిరిగి పీల్చుకోలేకపోవడం. రెండు, చిన్నపేగులో బ్యాక్టీరియా ఎక్కువగా పెరగడం. మూడు, పాలలోని లాక్టోజ్ కొన్నాళ్లు అరగకపోవడం. మలాశయం గట్టిపడి ఎక్కువ నిలవ ఉంచుకోలేకపోతే అది ఇంకొకటి. కారణాన్ని బట్టి మందు మారుతుంది. అందుకే మూడు నెలలు దాటాక కూడా ఇలా ఉంటే గ్యాస్ట్రో (జీర్ణకోశ) డాక్టర్‌కి రాయమని అడిగే హక్కు మీకుంది.

అప్పటిదాకా విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ గురించి అడగండి. విరేచనం అయ్యాక వేసుకోవడం కంటే భోజనానికి అరగంట ముందు వేసుకుంటే చాలామందికి బాగా పనిచేస్తుంది. జ్వరం ఉన్నా, మలంలో రక్తం ఉన్నా మీ అంతట మీరు మొదలుపెట్టకండి.

మెట్టదారి:
సిస్టర్ గారు చెప్పిన మొదటి కారణమే నాకు తేలింది. పసుపుగా, జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ, భరించలేని వాసనతో, చెప్పాపెట్టకుండా వచ్చేది. తిండి వల్లే అనుకుని ఒక్కొక్కటే మానేస్తూ చివరికి ఏమీ తినలేని స్థితికి వచ్చాను, బరువు పడిపోయింది. ఆ ఆమ్లాలను పట్టేసే కొలెస్టిరమిన్ పొడి ఇచ్చాక కొన్ని రోజుల్లోనే తేడా తెలిసింది. రుచి బాగుండదు, అయినా అలవాటైపోయింది. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఆ పొడి మిగతా మందుల్ని కూడా పట్టేసుకుంటుంది. కాబట్టి వేరే మాత్రలు దానికి గంట ముందైనా వేసుకోవాలి, లేదంటే నాలుగైదు గంటల తర్వాతైనా.

పీచు గురించి కూడా. "పీచు ఎక్కువ తినండి" అనే మాట అందరికీ వర్తించదు. నీళ్లలో కరిగే పీచు మలాన్ని కట్టిపెడుతుంది. తొక్కలు, గింజల్లోని కరగని పీచు మన పేగును ఇంకా తొందరపెట్టొచ్చు. తెలిసిన డైటీషియన్ దొరికితే ఒక్కసారి కూర్చోండి. మీ ఇష్టానికి అన్నీ మానేయకండి.

వార్డు సిస్టర్:
ఇంకొక్కటి. చిన్నపేగు చివరి భాగం దెబ్బతింటే విటమిన్ బీ12 కూడా సరిగా ఒంటికి పట్టదు. అది తగ్గితే నీరసం, తిమ్మిర్లు, మతిమరుపు. ఏడాదికోసారైనా రక్తపరీక్షలో చూడమని అడగండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ డి కూడా. నీరసం అంతా "రేడియేషన్ వల్లే" అని తేల్చేసే ముందు ఇవి చూడాలి.

పెద్దకూతురు:
ఇది చదువుతుంటే అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అమ్మకు 62 ఏళ్లు. ట్రీట్‌మెంట్ అయి రెండేళ్లవుతోంది. మలంతో పాటు ఎర్రగా రక్తం పడుతోందట. ఎన్నాళ్ల నుంచో! మాకు చెప్పలేదు. బాత్రూమ్ కడుగుతూ నేనే చూశాను. అడిగితే "మళ్లీ అదే వచ్చిందేమో, వస్తే రానీ, ఇంక ఆ మెషిన్ కిందకి నేను వెళ్లను" అంటోంది. మగ డాక్టర్ అయితే అసలు నోరు తెరవదు. ఏం చేయాలి? క్యాన్సర్ తిరగబెట్టిందా?

వార్డు సిస్టర్:
అమ్మా, రెండేళ్లకు ఇలా ఎర్రటి రక్తం పడటానికి తరచుగా కనిపించే కారణం రేడియేషన్ ప్రొక్టైటిస్. మలాశయం లోపలి పొరలో కొత్తగా పెళుసైన రక్తనాళాలు పుట్టి, కొంచెం రాపిడికే చిట్లుతాయి. కానీ చూడకుండా ఇదే అని ఎవరూ చెప్పలేరు. వేరే కారణం లేదని తేల్చడానికి గొట్టంతో లోపల చూడాల్సిందే. ఆలస్యం చేయకండి.

పరీక్ష చేసేవాళ్లకు "పొత్తికడుపుకు రేడియేషన్ అయింది" అని ముందే, గట్టిగా చెప్పండి. రేడియేషన్ తగిలిన మలాశయం ముందు గోడ నుంచి ముక్క తీస్తే ఆ పుండు మానక, యోనికీ మలాశయానికీ మధ్య రంధ్రం పడే ప్రమాదం ఉంది. అవసరం లేకుండా అక్కడ బయాప్సీ తీయరు. ఎండోస్కోపీ చేసే డాక్టర్‌కి రేడియేషన్ సంగతి తెలియకపోతేనే చిక్కు.

ప్రొక్టైటిస్ అని తేలితే, రక్తం కొద్దిగా ఉండి హిమోగ్లోబిన్ బాగుంటే కొన్నిసార్లు ఏమీ చేయకుండా గమనిస్తారు. ఎక్కువగా ఉంటే సుక్రాల్ఫేట్ ఎనిమా (మలద్వారం ద్వారా ఇచ్చే మందు), లేదా ఆర్గాన్ గ్యాస్‌తో ఆ రక్తనాళాలను మూసేయడం, కొన్నిచోట్ల హైపర్‌బారిక్ ఆక్సిజన్ (ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ పీల్పించడం) ఉంటాయి. వీటిలో దేనికీ ఆ రేడియేషన్ మెషిన్ కిందకి వెళ్లే పని లేదు. అమ్మకు ముందు ఈ మాట చెప్పండి.

మెట్టదారి:
పెద్దకూతురు గారూ, అమ్మ నోరు తెరవక్కర్లేదు. మీరు రాసి ఇవ్వండి. మహిళా డాక్టర్ గానీ నర్సు గానీ లోపల ఉండేలా చూడమని అడగండి. మా అమ్మ తరం వాళ్లకు ఈ జబ్బంటేనే తలవంపు అన్నట్టు ఉంటుంది. దగ్గర కూర్చుని, భయపెట్టకుండా చెబితే వింటారు.

సంపెంగ:
నేను వేరే విషయం అడుగుతాను, ఏమీ అనుకోకండి. ట్రీట్‌మెంట్ అయ్యాక నాకొక డబ్బా చేతిలో పెట్టారు. అందులో డైలేటర్లు, అంటే యోనిలో పెట్టుకునే గొట్టాల్లాంటివి, చిన్నది నుంచి పెద్దది దాకా. "వారానికి మూడుసార్లు వాడండి" అన్నారంతే. ఎలా, ఎందుకు, ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చి తెరిచి చూసి, మూసి అలమరా పైన పెట్టేశాను. నా భర్త చనిపోయారు. నాకు వీటితో పనేంటి?

గోరింట:
సంపెంగ అక్కా, బాగా అడిగారు. ఇది భార్యాభర్తల విషయం ఒక్కటే కాదు. రేడియేషన్ తర్వాత యోని గోడలు ఒకదానికొకటి అతుక్కుని, కుంచించుకుపోవచ్చు. అలా మూసుకుపోతే ప్రతి చెకప్‌లో లోపల చూడటం డాక్టర్‌కి కష్టం, మీకు నరకం. తిరగబెట్టిందా లేదా అని చూసేది ఆ పరీక్షలోనే. కాబట్టి మీకోసమే ఇది.

నాకు ఒక నర్సు దగ్గరుండి నేర్పింది, అది అందరికీ దొరకదు కాబట్టి రాస్తున్నాను. తలుపు గడియ వేసుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పక్కలకు వదిలేయండి. తల కింద, కావాలంటే నడుము కింద దిండు. అన్నింటికంటే చిన్నదానికి నీటి ఆధారిత జెల్ ధారాళంగా రాయండి, యోని ద్వారం అంచుకు కూడా. గట్టిగా ఊపిరి పీల్చి, వదులుతూ ఉన్నప్పుడు నెమ్మదిగా, వెన్నెముక వైపు కొంచెం వాల్చి పెట్టండి. కండరం బిగుసుకుంటే అక్కడే ఆగండి. తోయకండి. రెండు మూడు ఊపిర్లు అయ్యాక అదే వదులవుతుంది. పోయినంత లోపలికి పోయాక ఐదు పది నిమిషాలు ఉంచి, మెల్లగా అటూ ఇటూ తిప్పండి. తీశాక సబ్బుతో కడిగి ఆరబెట్టండి. అది సులువుగా పోతున్నప్పుడే తర్వాతి సైజు.

సాధారణంగా పుండు మానాక, అంటే రేడియేషన్ అయిన కొన్ని వారాలకు మొదలుపెడతారు. మీ డాక్టర్ ఒకసారి చూసి సరే అన్నాకే. వారానికి రెండు మూడుసార్లు, కనీసం రెండేళ్లపాటు. మొదట్లో జెల్‌తో పాటు కొంచెం గులాబీ రంగు, ఒకటి రెండు చుక్కల రక్తం కనిపించొచ్చు. ఎక్కువగా వచ్చినా, ఆగకపోయినా, ప్రతిసారీ వస్తున్నా ఆపి డాక్టర్‌కి చెప్పాలి.

సంపెంగ:
ఇంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు. చాలా ఆలస్యమైందేమో, ట్రీట్‌మెంట్ అయి చాలా నెలలైంది.

నడక నేస్తం:
సంపెంగ గారూ, నేను ఫిజియోథెరపిస్టుని, కటి (పొత్తికడుపు అడుగు) కండరాల విషయంలో పనిచేస్తాను. ఆలస్యమైనా మొదలుపెట్టొచ్చు. అయితే ముందు పరీక్ష చేయించుకోండి, అతుకులు గట్టిపడి ఉంటే బలవంతంగా చేయకూడదు. చిన్నదానితోనే రోజుల తరబడి ఉండాల్సి వచ్చినా పర్వాలేదు.

చాలామంది "కెగెల్స్ చెయ్యి" అంటారు, అంటే ఆ కండరాలను బిగించే వ్యాయామం. బిగించడం ఒక్కటే నేర్చుకుంటే ఇక్కడ మేలు కంటే చెడు ఎక్కువ జరగొచ్చు. నొప్పి ఉన్నవాళ్ల కండరాలు ముందే బిగుసుకుని ఉంటాయి, వదలడం రావాలి. మూత్రం ఆపుకోలేకపోతే బిగించడం కావాలి. ఏది మీకు అవసరమో చూసే చెప్పగలం. అందుకే ఒక్కసారైనా ఫిజియో దగ్గరికి పంపమని అడగండి.

కొత్త అడుగు:
నాకు ఒకావిడ మూలికల పొడి ఇచ్చింది. గోరువెచ్చని నీళ్లలో కలిపి లోపలంతా కడుక్కుంటే పుండు మానుతుందంట, వాసన కూడా పోతుందంట. వాడొచ్చా?

వార్డు సిస్టర్:
వద్దమ్మా. దయచేసి వద్దు. రేడియేషన్ తగిలిన పొర చాలా పల్చగా ఉంటుంది. ఇలాంటి పొడులు, ద్రావణాలు లోపలికి పంపితే మంట, పుండు, ఇన్ఫెక్షన్ రావొచ్చు. బయట మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. కొన్ని వారాలపాటు కొద్దిగా స్రావం ఉండటం సహజమే. దుర్వాసన, ఆకుపచ్చ రంగు, జ్వరం, కడుపునొప్పి ఉంటే చూపించుకోవాలి. వాసనను కప్పిపుచ్చే ప్రయత్నం చేస్తే అసలు కారణం దొరకదు.

ఒక భర్త:
మగవాడిని ఇక్కడ రాయొచ్చో లేదో. నా భార్యకు ఆర్నెల్ల కిందట అన్నీ అయిపోయాయి. తనని ముట్టుకుంటే నాకేమైనా అవుతుందా, నా వల్ల తనకు మళ్లీ వస్తుందా అని భయం. తనకు నొప్పి పెడతానేమో అనే భయం అన్నింటికంటే ఎక్కువ. నేను దూరంగా ఉండటం చూసి "నేనంటే అసహ్యం వేస్తోందా" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు.

వార్డు సిస్టర్:
రాయొచ్చు, రాయాలి. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ గానీ, తాత్కాలికంగా పెట్టి తీసేసే బ్రాకీథెరపీ గానీ అయిపోయాక ఆమె ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. కలయిక వల్ల తిరగబెట్టదు. ఈ క్యాన్సర్‌కు ఎక్కువగా కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ గురించి మీరు చదివి ఉంటారు. ఆ వైరస్ చాలా సాధారణం, చాలామంది దంపతుల్లో ఇద్దరికీ ఎప్పుడో సోకి ఉండొచ్చు. ఎవరు ఎవరికి అంటించారన్న వెతుకులాట వద్దు.

గోరింట:
అన్నయ్యా, మీరు ఇక్కడ రాసింది అక్షరం మార్చకుండా మీ ఆవిడకు చెప్పండి. "నీకు నొప్పి పెడతానేమోనని భయం" అన్న ఆ ఒక్క మాట నా భర్త ఏడాది తర్వాత చెప్పాడు. ఆ ఏడాదంతా నేను ఇంకేదో అనుకుంటూ కుమిలిపోయాను. పక్కన పడుకోవడం, చేయి పట్టుకోవడం, వీపు నిమరడం, వీటికి డాక్టర్ అనుమతి అక్కర్లేదు. మిగతాది ఆమెకు ఇష్టమైనప్పుడు, జెల్ ఎక్కువగా వాడుతూ, ఆమె అదుపులో ఉండే భంగిమలో, నొప్పి అంటే వెంటనే ఆగిపోతానని ముందే మాటిచ్చి.

పాలపిట్ట:
తొలకరి చెప్పిన ఒంటి మంటలు, చెమటల (వేడి ఆవిర్ల) గురించి ఎవరూ రాయలేదు. నాకు 41. మా డాక్టర్ హార్మోన్ మాత్రలు రాశారు. నేను వేసుకోలేదు. హార్మోన్లు వాడితే క్యాన్సర్ తిరగబెడుతుందని మా బంధువులంతా అన్నారు. ఒకసారి చావు తప్పింది, మళ్లీ కొనితెచ్చుకోవడమెందుకు?

మెట్టదారి:
పాలపిట్టా, అది రొమ్ము క్యాన్సర్ గురించి విన్నమాట. అన్ని క్యాన్సర్లూ ఒకటి కావు.

పాలపిట్ట:
అలా అని మీరెలా ఖాయంగా చెప్పగలరు? మీరు డాక్టర్ కాదు కదా అక్కా.

వార్డు సిస్టర్:
ఇద్దరూ ఆగండి, ఇది ముఖ్యమైన విషయం. మీ బయాప్సీ రిపోర్టు తీసి చూడండి పాలపిట్ట గారూ. స్క్వామస్ సెల్ కార్సినోమా (పైపొర కణాల క్యాన్సర్) అని ఉంటే, ఈ జబ్బులో ఎక్కువగా కనిపించేది అదే, అది ఈస్ట్రోజన్‌తో పెరిగే రకం కాదు. హార్మోన్లు వాడినందువల్ల అది తిరగబెడుతుందని ఆధారం లేదు. అడినోకార్సినోమా (గ్రంథి కణాల క్యాన్సర్) అని ఉంటే ఆలోచించాల్సింది కొంత ఉంటుంది, మీ ఆంకాలజిస్టుతో (క్యాన్సర్ డాక్టర్‌తో) విడిగా మాట్లాడాలి. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టిన చరిత్ర, కాలేయ జబ్బు ఉన్నవాళ్ల విషయం వేరు.

వేసుకోకపోతే ఏమవుతుందో కూడా తెలియాలి. 40 లోపు, ఆ చుట్టుపక్కల వయసులో అండాశయాలు ఆగిపోతే వేడి ఆవిర్లు అందులో చిన్న భాగం. ఎముకలు తొందరగా గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అందుకే వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు దాకా, అంటే దాదాపు 50 వరకు, హార్మోన్లు ఇవ్వడం మంచిదంటారు. ఒంట్లోంచి ఎలాగూ రావాల్సిన దాన్నే బయటి నుంచి ఇస్తున్నాం.

గర్భాశయం తీసేయకుండా రేడియేషన్ మాత్రమే అయినవాళ్లకు ఒక్క ఈస్ట్రోజనే ఇవ్వకూడదు, ప్రొజెస్టిరాన్ కూడా కలపాలి. గర్భాశయం లోపలి పొర కొంత బతికే ఉండొచ్చు కాబట్టి. ఈ ప్రశ్న తప్పకుండా అడగండి, ఎందుకంటే "నెలసరి లేదు కదా" అని ఇది కొన్నిసార్లు తప్పిపోతుంది.

హార్మోన్లు కుదరనివాళ్లకు వేడి ఆవిర్లకు వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటి మందులున్నాయి. యోని పొడిబారడానికి వారానికి రెండు మూడుసార్లు వాడే హయలురానిక్ ఆమ్లం మాయిశ్చరైజర్లు ఉన్నాయి. అవసరాన్ని బట్టి ఈస్ట్రోజన్ క్రీము రాస్తారు.

పాలపిట్ట:
రిపోర్టు చూశాను. స్క్వామస్ అనే ఉంది. వచ్చే చెకప్‌లో ఈ విషయం మళ్లీ మాట్లాడతాను. మెట్టదారి అక్కా, గట్టిగా అన్నాను, మనసులో పెట్టుకోకండి.

మెట్టదారి:
అయ్యో, ఏం పర్లేదు. ఎముకల మాట వచ్చింది కాబట్టి నాది చెబుతాను. మూడో ఏడు ఒక రోజు నడుము కింద, కూర్చునే ఎముక పైన నొప్పి మొదలైంది. లేచి నిలబడితే ప్రాణం పోయేది, పడుకుంటే తగ్గేది. ఎముకకు పాకిందనే అనుకున్నాను. ఎమ్మారైలో సన్నటి పగుళ్లని తేలింది. రేడియేషన్ తగిలిన కటి ఎముక బలహీనపడి, దెబ్బ తగలకుండానే బీట వారుతుందట. విశ్రాంతి, నొప్పి మాత్రలు, విటమిన్ డి, కాల్షియం, ఎముకల సాంద్రత పరీక్ష, ఆ తర్వాత ఎముక బలానికి మందు. మెల్లగా మానింది. ఆ నొప్పి వస్తే భయంతో కూర్చోకండి, స్కాన్ తీయించి చూపించుకోండి. అలాగని ప్రతి నొప్పీ పగులే అనుకుని ఇంట్లో ఉండిపోకండి కూడా.

చిగురు:
నాది మొదట ఆపరేషన్, గర్భాశయంతో పాటు లింఫ్ గ్రంథులు తీశారు, తర్వాత రేడియేషన్. రెండు సమస్యలు. మూత్రం వచ్చినట్టే తెలియదు, నిండిపోయి పొట్ట గట్టిగా అయ్యాక తెలుస్తుంది. ఎడమ కాలు సాయంత్రానికి బరువెక్కుతోంది. చెప్పు బిగుతవుతోంది. ఉదయానికి తగ్గిపోతుంది కాబట్టి ఎవరూ నమ్మడం లేదు.

నడక నేస్తం:
నేను నమ్ముతున్నాను. ఉదయానికి తగ్గిపోయే దశే లింఫెడిమాకు (లింఫ్ ద్రవం నిలిచి కాలు వాయడానికి) మొదటి దశ, పట్టుకోవాల్సింది ఇప్పుడే. ఒక టేపు తీసుకుని రెండు కాళ్లూ కొలవండి. చీలమండ దగ్గర, పిక్క లావుగా ఉన్నచోట, మోకాలికి పైన, తొడ మధ్యలో. ప్రతిసారీ అవే చోట్లు, అదే సమయం. పుస్తకంలో తారీఖుతో రాయండి. ఆ పుస్తకం చూపిస్తే ఎవరూ కాదనలేరు.

కొలతకు కుట్టిన ఒత్తిడి మేజోళ్లు, తెలిసినవాళ్లు చేతితో చేసే లింఫ్ డ్రైనేజ్ మసాజ్, నడక, చర్మం పగలకుండా రోజూ మాయిశ్చరైజర్, ఇవి కలిసి పనిచేస్తాయి. సొంతంగా ఏదో సైజు మేజోడు కొని వేసుకుంటే ఒకచోట నొక్కి పైన వాపు పెరుగుతుంది. కాలు ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, అది ఇన్ఫెక్షన్, యాంటీబయాటిక్ కావాలి. ఒక కాలు ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పి పెడితే అది రక్తం గడ్డ కావచ్చు, అప్పుడు మసాజ్ చేయకుండా వెంటనే వెళ్లండి.

వార్డు సిస్టర్:
మూత్రం సంగతి కూడా నిర్లక్ష్యం చేయకండి చిగురు గారూ. ఆపరేషన్‌లో మూత్రాశయానికి వెళ్లే నరాలు దెబ్బతినొచ్చు. వచ్చినట్టు తెలియకపోయినా గడియారం చూసుకుని మూడు నాలుగు గంటలకోసారి వెళ్లాలి. పోశాక ఎంత మిగిలిపోతోందో స్కాన్‌లో చూడమనండి. ఎక్కువ మిగులుతుంటే సొంతంగా సన్నటి గొట్టం పెట్టుకోవడం నేర్పుతారు. వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ కిడ్నీలను కాపాడేది అదే.

దీనికి పూర్తిగా వ్యతిరేకం రేడియేషన్ మాత్రమే అయినవాళ్లది. వాళ్లలో కొందరికి మాటిమాటికీ వస్తుంది. భయపడి నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి ఇంకా మండుతుంది. నీళ్లు తగ్గించొద్దు, కాఫీ టీలు తగ్గించండి. ముందు ఇన్ఫెక్షన్ లేదని కల్చర్ పరీక్షతో తేల్చుకోండి. ఆ తర్వాత, వచ్చినప్పుడల్లా పరిగెత్తకుండా పది నిమిషాల చొప్పున వ్యవధి పెంచుకుంటూ పోతే మూత్రాశయం మళ్లీ నేర్చుకుంటుంది. కుదరకపోతే మందులున్నాయి. మూత్రంలో రక్తం ఎన్నేళ్లకు కనిపించినా చెప్పాలి. తెలియకుండా ఎప్పుడూ యోనిలోంచి మూత్రం కారుతూనే ఉంటే, అది ఆపుకోలేకపోవడం కాదు, రంధ్రం పడిందేమో చూడాలి.

పొగ తాగేవాళ్లు ఎవరైనా ఉంటే, ఇప్పుడైనా మానండి. పేగు, మూత్రాశయం రెండింటి ఇబ్బందులూ పొగ వల్ల ఎక్కువవుతాయి.

గోరింట:
సిస్ప్లాటిన్ గురించి కూడా ఒక మాట. నాకు కీమో ఆగాక రెండు మూడు నెలలు వేళ్ల తిమ్మిర్లు పెరుగుతూ పోయాయి. ఆపేశాక పెరగడమేంటని చాలా టెన్షన్ పడ్డాను. ఆ మందు గుణమే అంతట, ఆపినా కొన్నాళ్లు పెరిగి తర్వాత మెల్లగా దిగుతుంది. నాకు చాలావరకు తగ్గింది. గుండీలు పెట్టుకోగలుగుతున్నాను. చెవిలో హోరు మాత్రం పోలేదు, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఎక్కువ. పడుకునేటప్పుడు ఫ్యాన్ చప్పుడు ఉంటే హోరు మీదికి ధ్యాస పోదు. పాదాలకు స్పర్శ తెలియనివాళ్లు వేడినీళ్లు మోచేతితో చూసుకోండి. నొప్పిగా ఉంటే డులోక్సెటిన్ అనే మందు గురించి అడగండి.

తొలకరి:
ఇన్ని రోజులుగా రాయలేదు, క్షమించండి. అన్నీ చదువుతూనే ఉన్నాను. మెట్టదారి అక్క చెప్పినట్టే కాగితం రాసి తీసుకెళ్లాను. డాక్టర్ చదివి, "ఇవన్నీ ముందే ఎందుకు చెప్పలేదమ్మా" అన్నారు. కుర్చీ దగ్గరికి జరుపుకుని ఒక్కొక్కటీ అడిగారు. గ్యాస్ట్రో దగ్గరికి రాశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ రెండూ ఇచ్చారు. రాత్రిళ్లు చెమటలు ఇప్పటికే తగ్గాయి, నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్రపోతున్నాను.

ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకు పిల్లలు లేరు. ఇంక పుట్టరు. ఆ మాట డాక్టర్ ట్రీట్‌మెంట్‌కి ముందే చెప్పారు, సంతకం కూడా పెట్టాను. అప్పుడు బతకడమే ముఖ్యం కాబట్టి ఏమీ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

పాలపిట్ట:
తొలకరీ, నాకూ అంతే. ఎవరైనా "దత్తత తీసుకోవచ్చు కదా" అంటే కోపం వస్తుంది. ముందు ఏడవనివ్వాలి కదా. నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ఎప్పుడైనా సరే.

వార్డు సిస్టర్:
తొలకరి గారూ, ఇది కూడా ట్రీట్‌మెంట్ వల్ల జరిగిన నష్టమే, పేగు సమస్యలాగే దీనికీ సాయం అడగొచ్చు. ఆసుపత్రిలో కౌన్సెలర్ ఉంటే కలవండి. వారాల తరబడి దేని మీదా ఆసక్తి లేకపోవడం, చనిపోవాలనిపించడం ఉంటే ఆగకుండా వెంటనే చెప్పండి.

పెద్దకూతురు:
అమ్మను తీసుకెళ్లాను. రేడియేషన్ సంగతి ముందే చెప్పాను, డాక్టర్ "చెప్పడం మంచిదైంది" అన్నారు. రేడియేషన్ వల్ల వచ్చిన రక్తనాళాలే, గడ్డ ఏమీ లేదు. హిమోగ్లోబిన్ 8.2 ఉంది. ఐరన్ మొదలుపెట్టారు, ఆర్గాన్‌తో మూసేస్తామన్నారు. అమ్మ తిరుగు దారిలో ఒక్కటే అడిగింది, "మళ్లీ మెషిన్ లేదుగా" అని.

ఇంకో సందేహం. అమ్మకు ఇకమీదట పాప్ స్మియర్ (కణాలు తీసి చూసే పరీక్ష) చేయించాలా? చెకప్‌లు ఎన్నాళ్లు?

వార్డు సిస్టర్:
మంచి వార్త చెప్పారు. రేడియేషన్ తర్వాత పాప్ స్మియర్‌లో కణాలు మారిపోయి కనిపిస్తాయి, దాంతో అనవసరంగా కంగారుపడాల్సి వస్తుంది. దానికంటే డాక్టర్ చేత్తో, కంటితో చేసే పరీక్ష ముఖ్యం. సాధారణంగా మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఐదో ఏడు దాకా ఆరు నెలలకో ఏడాదికో, ఆపైన ఏడాదికోసారి. తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. ఈ మధ్యలో యోనిలోంచి కొత్తగా రక్తం, ఆగని నడుము లేదా కటి నొప్పి, ఒక కాలి వాపు, కారణం లేకుండా బరువు తగ్గడం, వదలని దగ్గు, వీటిలో ఏది వచ్చినా తర్వాతి తారీఖు కోసం ఆగొద్దు. ఆర్గాన్ చేశాక రెండు మూడు రోజులు కొద్దిగా రక్తం పడొచ్చు, దానికి కంగారుపడకండి. ఎక్కువైతే వాళ్లకే ఫోన్ చేయండి. రక్తం పల్చబడే మాత్రలు అమ్మ వేసుకుంటుంటే ముందే చెప్పండి.

పెద్దకూతురు:
వేసుకుంటోంది సిస్టర్, గుండె కోసం ఒకటి. ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను.